దండి విరిగితే వాద్యం పోయినట్టేనా?

తీగవాద్యం చేయి జారితే ఎక్కువగా దెబ్బ తగిలేది దండికే. గిటారు పట్టినవాళ్లు దాన్ని నెక్ అంటారు. వీణకూ తంబూరకూ దండి అనడమే వాడుక. ఏ పేరుతో పిలిచినా అది చేసే పని ఒక్కటే: బిగించిన తీగల లాగుడును పగలూ రాత్రీ మోస్తూ అదుపు తప్పకుండా నిలబడటం. అది విరిగినప్పుడు బాగుచేయవచ్చా, చేస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది, ఏ జిగురు వాడాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. వీణలు చేసేవారి మాట ఒకటి, గిటారు మరమ్మతు చేసేవారి మాట ఇంకొకటి, ఊరి వడ్రంగి మాట వేరొకటి. ఆ మాటలన్నిటినీ పక్కపక్కన పెట్టి, వాటిలో నిలిచేవి ఏవో, నిలవనివి ఏవో తేల్చుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాతపాళ్య లాంటి పల్లెలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన చిక్కబళ్లాపుర జిల్లాలో, బాగేపల్లి, చింతామణి వైపు పల్లెల్లో బడి కన్నడం, ఇల్లు తెలుగు. పాట కూడా తెలుగే. కైవారం నారాయణ తాత (సంప్రదాయం చెప్పే లెక్కలో 1726–1836) ‘అమరనారేయణ’ ముద్రతో చెప్పిన తత్వాలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి. అవి ఇప్పటికీ భజన మందిరాల్లో పాడే పాటలే. ఆ పాటకు శ్రుతి పట్టేది తంబూర. ఇప్పుడు అదే ఊళ్లలో పిల్లల చేతికి గిటారు వచ్చింది. కాలేజీ వార్షికోత్సవంలో, చర్చి పాటల్లో, సెల్‌ఫోన్ చూస్తూ సొంతంగా నేర్చుకునే సాయంత్రాల్లో అది మోగుతోంది. తంబూర దండి విరిగినా గిటారు నెక్ విరిగినా ఇక్కడివాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. వాద్యాలు బాగుచేసేవాళ్లు బెంగళూరులో ఉన్నారు. బాగేపల్లి నుంచే అది వంద కిలోమీటర్లు. పల్లె నుంచి బయలుదేరేవారికి దూరం ఇంకా ఎక్కువ. అందుకే విరిగిన వాద్యం అటక ఎక్కుతుంది, లేదంటే ఎవరో తొందరపడి జిగురు పూస్తారు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. విరిగిన దండి గురించి జనం వాదించుకునేది జిగురు గురించి. తేల్చుకోవాల్సింది మాత్రం విరుపు గురించి. విరుపును సరిగ్గా చదివితే జిగురు ఎంపిక దాదాపు దానంతటదే తేలిపోతుంది. చదవకుండా పూస్తే ఎంత ఖరీదైన జిగురైనా దండగే.

చెక్క ఎక్కడ ఓడిపోతుంది

చెక్కలో బలమంతా పొడవునా సాగే పోగులదే. పోగు వెంట లాగితే తట్టుకునే బలంతో పోలిస్తే, పోగుకు అడ్డంగా చీల్చితే తట్టుకునే బలం ఇరవై ముప్ఫై వంతుల్లో ఒక వంతు. కట్టెలు కొట్టే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. దండి ఎక్కడ విరుగుతుందో ఈ ఒక్క సూత్రంతో ముందే చెప్పవచ్చు: పోగు ఎక్కడ పొట్టిగా తెగి ఉందో అక్కడ.

గిటారు సంగతి చూద్దాం. గిబ్సన్ కంపెనీ చేసే చాలా గిటార్లలో తీగలు చుట్టే తలభాగం, అంటే హెడ్‌స్టాక్, వెనక్కి సుమారు 17 డిగ్రీలు వాలి ఉంటుంది. నెక్‌నూ తలనూ ఒకే మహాగని చెక్క నుంచి కోస్తారు. నెక్‌లో పోగులు తిన్నగా సాగుతాయి. తల వాలిన చోట అవే పోగులు ఏటవాలుగా తెగి పొట్టివైపోతాయి. సరిగ్గా అక్కడే, నట్ (తీగలు తల నుంచి నెక్ మీదికి దిగే చోటి పట్టీ) వెనక, ట్రస్ రాడ్ మరను తిప్పడానికి చెక్కను తొలిచి గుంట పెడతారు. నెక్ వంపును సవరించే ఈ ఉక్కు కడ్డీకి గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లో పేటెంట్ వచ్చింది. గిటారు చరిత్రలో అది గొప్ప మేలు. కానీ చెక్క అసలే బలహీనంగా ఉన్న చోట కొంత చెక్కను తీసేయాల్సి వచ్చింది. అందుకే నిలబెట్టిన గిటారు వెల్లకిలా పడితే విరుపు దాదాపు ఎప్పుడూ అక్కడే కనిపిస్తుంది. పెట్టెలో ఉండగా పడినా ఒక్కోసారి అదే జరుగుతుంది. ఒంటిని పెట్టె పట్టి ఆపుతుంది, మరల బరువున్న తల మాత్రం ముందుకు విసురుగా ఊగుతుంది. 1970ల్లో గిబ్సన్ ఆ చోట వెనకవైపు చిన్న ఉబ్బు వదిలి చెక్క మందం పెంచింది. తర్వాత దాన్ని తీసేసింది.

ఫెండర్ గిటార్ల దారి వేరు. వాటి తల వాలదు. తిన్నని మేపుల్ పలక నుంచి కోస్తారు కనుక పోగు కొస దాకా నిడివిగానే ఉంటుంది. నెక్‌ను ఒంటికి మరలతో బిగిస్తారు. అది విరగడం అరుదు, విరిగితే మరలు విప్పి వేరేది వేయవచ్చు. ఇవాళ తక్కువ ధరకు వచ్చే చాలా గిటార్లలో ఇంకో పద్ధతి ఉంది. తలను వేరే ముక్కగా కోసి, ఏటవాలు అతుకుతో నెక్‌కు అంటిస్తారు. చూసేవాళ్లకు అతుకు గీత కనిపించి ‘ఇది అతికించిన సరుకు’ అనిపిస్తుంది గానీ, పోగు తెగకుండా కాపాడేది ఆ అతుకే. చవక గిటారులో ఇది లోపం కాదు, మంచి లక్షణం.

లాగుడు లెక్క కూడా తెలుసుకోవాలి. స్టీలు తీగల అకూస్టిక్ గిటారుకు మామూలు తేలిక తీగలు వేసి శ్రుతి చేస్తే మొత్తం లాగుడు 70 కిలోలు దాటుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు 45 కిలోల చుట్టుపక్కల, నైలాన్ తీగల గిటారుకు 35 నుంచి 40 కిలోలు. అంటే స్టీలు తీగల గిటారు ఒక మనిషి బరువును ఏళ్ల తరబడి మోస్తూ ఉంటుంది. అతికించిన చోట కూడా రేపటి నుంచి అంత బరువూ మోయాలి. అందుకే నైలాన్ తీగల గిటారుకు సరిపోయిన మరమ్మతు స్టీలు తీగల గిటారుకు సరిపోతుందన్న నమ్మకం లేదు.

విరుపును చదవడం

విరిగిన వెంటనే చేయాల్సిన మొదటి పని తీగలు వదులు చేయడం. తల ఇంకా వేలాడుతూ ఉంటే తీగల లాగుడు విరుపును గంటగంటకూ పెంచుతుంది. రెండోది, రాలిన ప్రతి పేడునూ ఏరి కాగితంలో పొట్లం కట్టి పెట్టడం. అగ్గిపుల్లంత పేడు కూడా పోయిన చోటుకు తిరిగి వస్తే అతుకు గీత కనిపించదు, బలమూ తగ్గదు. మూడోది, ఆడించి చూడకపోవడం. విరిగిన ముక్కలను పదిసార్లు తెరిచి మూస్తే పోగుల కొసలు నలిగిపోతాయి, మళ్లీ ఒకదానిలో ఒకటి ఇమడవు.

ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

విరుపు ఎక్కడ? నట్ వెనకా, నెక్ నడుమా, ఒంటికి కలిసే మడమ దగ్గరా? మడమ దగ్గరి పగులు తరచుగా దెబ్బ వల్ల వచ్చింది కాదు. ఏళ్ల లాగుడుకు పాత జిగురు వదిలిపోవడం వల్ల వస్తుంది. పలచని కాగితం అంచు ఆ సందులో ఎంత లోతుకు దిగుతుందో చూస్తే అతుకు ఎంత వదిలిందో తెలుస్తుంది.

విరుపు పొడవెంత? ఏటవాలుగా రెండు మూడు అంగుళాలు సాగిన విరుపు అదృష్టం. అంటుకునే మేర ఎక్కువ, అంటుకునేది పోగు పక్కలకు. అడ్డంగా ముల్లంగి కోసినట్టు తెగిన విరుపులో అంటుకునేవి పోగుల కొసలు మాత్రమే. కొసలకు జిగురు సరిగ్గా పట్టదు, ఉత్త జిగురుతో అది నిలవదు.

చెక్క ఏమైనా పోయిందా? చేత్తో మెల్లగా మూసి చూసినప్పుడు గీత వెంట్రుకంత సన్నగా మూసుకుపోవాలి. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే చెక్క తగ్గిందని లెక్క.

ఇంతకు ముందు ఎవరైనా జిగురు పూశారా? ఈ నాలుగో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. తాజా విరుపుకూ, ఒకసారి చెడిపోయిన మరమ్మతుకూ మధ్య ఎంతో తేడా ఉంది.

ఈ నాలుగో ప్రశ్న ఎంత పనిచేస్తుందో మా వైపు ఒక కుర్రాడు తెచ్చిన అకూస్టిక్ గిటారులో చూశాను. పైనుంచి చూస్తే నట్ వెనక ఒక గీత, అంతే. తలను వేలితో కాస్త వెనక్కి ఒత్తితే గీత తెరుచుకుంది. లోపల ఒక అంచున చెక్క లేత గోధుమ రంగులో గరుకుగా, అప్పుడే చీల్చినట్టు ఉంది. ఇంకో అంచున మాత్రం గాజులా మెరిసే పలచని పొర. ఎవరో విరిగిన రోజే ఫెవిక్విక్ బొట్లు వేశారు. అది నడుమ దాకా కూడా వెళ్లలేదు. వెళ్లినంత మేర పోగుల సందులన్నీ మూసేసింది. దాని మీద ఏ జిగురు పూసినా చెక్కకు తగలదు, ఆ గాజు పొరకే తగులుతుంది. అప్పటికి పావుగంటలో అయిపోవాల్సిన అతుకు, పొరను కొంచెం కొంచెంగా గీకి తీసే రోజుల పని అయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటే ఇదే.

జిగురుల వాదం

ఇక జిగురు దగ్గరికి రావచ్చు. నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి, నాలుగింటికీ సమర్థకులున్నారు.

మొదటిది సరేసు. పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన ఈ జిగురును నీళ్లలో నానబెట్టి, 60 డిగ్రీల వేడి దగ్గర కరిగించి, చల్లారక ముందే పూయాలి. వయొలిన్లు, పియానోలు, పాత గిటార్లు దీనితోనే అతికాయి. దీని గొప్పతనం రెండు మాటల్లో చెప్పవచ్చు. గట్టిపడ్డాక గాజులా ఉండి లాగుడుకు జారదు. అవసరమైతే వేడీ తడీ తగిలించి మళ్లీ విప్పవచ్చు, పాత సరేసు మీద కొత్త సరేసు అంటుకుంటుంది. లోపం కూడా అక్కడే ఉంది: వేడీ తడీ కలిసి వస్తే మనం అడగకుండానే వదిలిపోతుంది. పూయడానికి వేగం, అనుభవం రెండూ కావాలి.

రెండోది ఫెవికాల్ జాతి తెల్ల జిగురు, దాని దగ్గరి చుట్టం పసుపు జిగురు. 1959లో ఫెవికాల్ వచ్చాక మన వడ్రంగం తీరే మారిపోయింది. తాజా విరుపు నిండుగా మూసుకుంటే ఈ జాతి జిగురు చెక్క కంటే గట్టిగా పట్టుకుంటుంది. మళ్లీ విరిగితే అతుకు పక్కన విరుగుతుంది తప్ప అతుకులో విరగదు. గిటారు మరమ్మతు చేసేవాళ్లు ఎక్కువగా వాడేది పసుపు రకం. మామూలు తెల్లదానికి ఒక బలహీనత ఉంది. ఎడతెగని లాగుడు కింద, ముఖ్యంగా వేడిలో, అది మెల్లగా సాగుతుంది. కుర్చీకి పరవాలేదు గానీ 70 కిలోలు మోసే నెక్‌కు అది చిన్న లోపం కాదు. ఇంకోటి, ఈ జిగురు సందులు నింపదు, తన పాత పొర మీద తానే అంటుకోదు.

మూడోది రెండు ట్యూబులు కలిపి పూసే ఎపాక్సీ. చెక్క పోయిన చోట సందు నింపుతుంది, లాగుడుకు సాగదు. పాడైన పాత మరమ్మతులకు చాలాసార్లు ఇదొక్కటే దిక్కు. కానీ ఒకసారి వేశాక విప్పడం కష్టం. తాజా విరుపుకు దీన్ని వాడటం తర్వాత వచ్చే మరమ్మతుదారుకు తలుపు మూసేయడమే.

నాలుగోది ఫెవిక్విక్ లాంటి క్షణాల్లో పట్టే జిగురు. ఈ జాతి రసాయనాన్ని 1942లో హ్యారీ కూవర్ బృందం కనుగొంది, 1958లో బజారుకు వచ్చింది. పైపూత పెచ్చులూడితే, వెంట్రుకంత సన్నని పగుళ్లు వస్తే దీనికి పని ఉంది. దండి అతుకుకు మాత్రం ఇది పనికిరాదని నా అభిప్రాయం. పెళుసుగా ఉంటుంది, దెబ్బకు తట్టుకోదు, ముక్కలు సరిగ్గా కూర్చోక ముందే పట్టేస్తుంది. మన ఊళ్లలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరికేది, చేతికి ముందు తగిలేది ఇదే కావడం వాద్యాల దురదృష్టం.

కాబట్టి వాదానికి ముగింపు ఇది. తాజాగా, పొడవుగా, లోటు లేకుండా విరిగితే సరేసు గానీ మంచి పసుపు జిగురు గానీ వాడాలి. చెక్క పోయినా, పాత జిగురు పొర పోకపోయినా ఎపాక్సీ వాడాలి. ‘ఏది అన్నిటికంటే గట్టిది’ అన్న ప్రశ్నకు అర్థం లేదు, ‘ఈ విరుపుకు ఏది’ అన్న ప్రశ్నకే జవాబు ఉంది.

జిగురు పూసే పనిలో అసలు కష్టం పూత కాదు, బిగింపు. వాలిన తల, గుండ్రటి నెక్ వీపు: ఈ రెండింటి మీద క్లాంపు జారిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు జిగురు లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూస్తారు. నెక్ వీపు ఆకారానికి చెక్కముక్కను తొలిచి ఆనిస్తారు, కింద మైనపు కాగితం పెడతారు. క్లాంపులు లేనివారికి సైకిల్ ట్యూబు ఉంది. అంగుళం వెడల్పు పట్టీగా కోసి, సాగదీస్తూ చుట్టుకుంటూ పోతే ఏ వంపు మీదైనా ఒకే తీరు ఒత్తిడి పడుతుంది. చుట్టేముందు తిన్నని ఉక్కు స్కేలును ఫ్రెట్‌బోర్డు మీద పెట్టి తల పక్కకు మెలి తిరగలేదని చూసుకోవాలి. బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో అప్పుడే తుడిచేయాలి. ఎండాక ఉప్పు కాగితంతో రుద్దితే పైపూత పోతుంది. ఆ తర్వాత ఒక రోజు ముట్టుకోకూడదు. తీగలు ఎక్కించేది ఇంకొన్ని రోజులు ఆగి, అదీ ముందు ఒకటి రెండు మెట్లు తగ్గు శ్రుతిలో.

మేకులు, పట్టీలు, చీలికలు

అతుకుకు దన్ను కావాలా అన్నదాని మీద రెండు పక్షాలున్నాయి. నిడివి విరుపును బాగా అతికించాక ఇంకేమీ అక్కర్లేదని ఒక పక్షం. పైపెచ్చు, దన్ను కోసం చెక్కను కోయడం కొత్త బలహీనతను తెచ్చిపెట్టడమే అంటారు. విరిగిన ప్రతి తలకూ దన్ను ఉండాల్సిందే అని ఇంకో పక్షం. మొదటి పక్షం మాట తాజా నిడివి విరుపులకు నిజం. పొట్టి విరుపులకు, ఒకసారి అతికి మళ్లీ విరిగినవాటికి రెండో పక్షం మాట నిజం. అలాంటివాటికి విరుపుకు అటూ ఇటూ పోయేలా నెక్ వీపున రెండు సన్నని గాళ్లు తీసి, గట్టి చెక్క చీలికలు పోగు పొడవునా కూర్చి అతికిస్తారు. లేదా వీపు మీది చెక్కను రెండు మూడు మిల్లీమీటర్లు చిత్రిక పట్టి, కొత్త పలచని పలక వేస్తారు. రెండింటిలోనూ సూత్రం ఒకటే: తెగిన పోగుకు బదులు తెగని పోగు తేవడం.

పల్లెల్లో కనిపించే మేకుల పద్ధతి ఈ సూత్రానికి విరుద్ధం. ఇనుప పట్టీ వేసి మేకులు కొడితే లాగుడంతా మేకు పడిన బొట్టంత చోట పడుతుంది. చెక్క వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, ఇనుము కదలదు. కొన్నేళ్లకు మేకు వెంటే కొత్త పగులు వస్తుంది. అలాగని మేకులు కొట్టిన తంబూరను చూసి ఈసడించడం తగదు. నాలుగు తీగలతో ఒకే శ్రుతి మోగించే భజన తంబూరను ఆ పట్టీయే ఇన్నాళ్లు కాపాడి ఉండవచ్చు. అది తీసేసి సరైన అతుకు వేయాలా వద్దా అన్నది తంబూర అవసరాన్ని బట్టి నిర్ణయించాలి. కొత్తగా విరిగినదానికి మాత్రం మేకు తగలనివ్వకూడదు.

ఏకాండమా, అతుకా

మన వాద్యాల్లో ఈ ప్రశ్న పాతది. ఇప్పుడు మనం చూసే 24 మెట్ల వీణ తంజావూరు నాయక రాజు రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్దం మొదట్లో, ఈ రూపానికి వచ్చిందని సంప్రదాయం. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. ఆ వీణను రెండు తీర్లుగా చేస్తారు. కుండ, దండి, కొసన ఉండే యాళి తల విడివిడిగా చేసి కలిపేది అతుకు వీణ. ఒకే పనస దుంగను తొలిచి చేసేది ఏకాండ వీణ. బొబ్బిలి వీణకు పేరు తెచ్చింది ఈ రెండో తీరే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా ఆ పని చేస్తున్నాయి. ఆ వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నూజివీడు వీణలకూ తెలుగునాట మంచి పేరుంది.

వాయించేవారు ఏకాండాన్నే మెచ్చుకుంటారు. అతుకు లేనందువల్ల నాదం తెగకుండా సాగుతుందని వారి అనుభవం. దాన్ని కాదనను. మరమ్మతు కోణం నుంచి చూస్తే మాత్రం తీర్పు మారుతుంది. అతుకు వీణ పడితే చాలాసార్లు అతుకు దగ్గరే విడిపోతుంది. అంటే చెక్క విరగదు, జిగురు వదులుతుంది. శుభ్రం చేసి మళ్లీ అతికిస్తే ముందున్నట్టే అవుతుంది. ఏకాండం పడితే విడిపోవడానికి అతుకు లేదు కనుక చెక్కే విరగాలి. కుండ గుండ్రం దండిగా సన్నబడే చోట పోగు పొట్టిది, విరుపు అక్కడ వస్తే చీలికలు కూర్చే పెద్ద పని తప్పదు. ఏకాండం నాదానికి మేలు, అతుకు ఆయుష్షుకు మేలు. ఊరూరా తిరిగే కళాకారుడికి, బడి పిల్లలకు వీణ కొనేవారికి అతుకు వీణే కొనమని చెబుతాను.

వీణలో ఇంకో తెలివి ఉంది. దండి కాలక్రమంలో కొంచెం వంగితే గిటారులో ట్రస్ రాడ్ తిప్పి సవరిస్తారు. వీణలో కడ్డీ లేదు. దాని బదులు మెట్లు మసి కలిపిన మైనం మీద కూర్చుని ఉంటాయి. వంపు ఎంత వచ్చిందో చూసి, మైనం వేడిచేసి, ఒక్కో మెట్టు ఎత్తు సవరించి మళ్లీ మేళం కడతారు. దండి కొద్దిగా కదిలినా వాద్యం బతకడానికి మనవాళ్లు చేసిన ఏర్పాటు ఇది. అందుకని వీణ దండి వంగిందని అనగానే విరిగినదాని లెక్కన భయపడనక్కర్లేదు. మేళంతో సరిపోయే వంపూ, దండినే పట్టించుకోవాల్సిన వంపూ వేరని తేల్చగల చేయి కావాలి.

మీరజ్ నుంచి వచ్చే తంబూరాలది ఇంకో సమస్య. వాటి కుండ ఎండిన సొరకాయ. దండి పడితే ముందు సొరకాయ పగులుతుంది. దండి, సొరకాయ కలిసే చెక్క మెడలో అతుకు వదలడం కూడా మామూలే. మనవైపు పనస తంబూరను బాగుచేసిన చేయి సొరకాయ తంబూరను బాగుచేయలేకపోవచ్చు. అది వేరే విద్య.

ఎండ, పెట్టె, ప్రయాణం

చిక్కబళ్లాపుర జిల్లాది మెట్ట నేల. ఎండాకాలం గాలిలో తడి ఉండదు. పొడి గాలికి చెక్క కుంచించుకుపోతుంది, పాత అతుకులు బయటపడతాయి. గిటారును కారులో ఎండకు వదిలేస్తే లోపలి వేడి 60 డిగ్రీలు దాటగలదు. సరేసు మెత్తబడే వేడి అదే, తెల్ల జిగురు సాగే వేడి అదే. వీణ మెట్ల మైనం అంతకంటే ముందే మెత్తబడుతుంది. చాలా మరమ్మతులు చేతకాక కాదు, ఎండలో ఆగిన కారులో చెడిపోయాయి. బస్సు టాపు మీద వాద్యం వేయకపోవడం, మెత్తని సంచి కంటే గట్టి పెట్టె కొనడం, పెట్టెలో తల కింద బట్ట మడిచి పెట్టి ఊగకుండా చేయడం: ఈ మూడు జాగ్రత్తలకయ్యే ఖర్చు ఏ మరమ్మతు కంటేనైనా తక్కువ.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. రోజ్‌వుడ్ జాతి చెక్కలన్నిటినీ 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కిందికి తెచ్చారు. పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చారు. అమెరికా నుంచి గిటారు తెచ్చుకోవడానికి ఇప్పుడు సాధారణంగా ఆ చిక్కు లేదు. మరమ్మతు కోసం విడి రోజ్‌వుడ్ పలక పంపాలంటే మాత్రం నియమాలు చూసుకోవాలి.

బాగుచేయాలా, మార్చాలా

అన్ని విరుపులూ బాగుపడవు. 2015 నాటి ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ సినిమా చిత్రీకరణలో మార్టిన్ కంపెనీ మ్యూజియం అరువిచ్చిన 1870ల నాటి గిటారును నటుడు కర్ట్ రసెల్ నకలు అనుకుని పగలగొట్టాడు. మార్టిన్ కంపెనీ దాన్ని ఇక బాగుచేయలేమని తేల్చి, సినిమాలకు వాద్యాలు అరువివ్వడం మానుకుంది. 1833లో మొదలై ఇప్పటికీ గిటార్లు చేస్తున్న కంపెనీ చెప్పిన మాట అది. అక్కడ పోయింది నెక్ ఒక్కటే కాదు. నెక్ విరుపు మాత్రమే అయితే ‘ఇక లాభం లేదు’ అన్న మాట వినాల్సి రావడం అరుదు.

ఖర్చు లెక్క నిజాయితీగా వేసుకోవాలి. నేర్చుకునే పిల్లల గిటారు ఐదారు వేలకు వస్తున్నప్పుడు, బెంగళూరు పోయి రావడానికీ మరమ్మతుకూ అంతే అయితే కొత్తది కొనడం తప్పు కాదు. పాత గిబ్సన్‌ల లాంటి వాటిలో తల ఒకసారి విరిగి అతికితే అమ్ముడు ధర సగం దాకా పడిపోతుందని ఆ వ్యాపారంలో ఉన్నవారు చెబుతారు. ధర పడినా మోత పడదు. బాగా అతికిన గిటారు మునుపటిలానే మోగుతుంది. అందుకే అమ్ముకోవడానికి కాక వాయించుకోవడానికి కొనేవారికి అలాంటివి మంచి బేరం.

తంబూర, వీణల లెక్క వేరు. భజన మందిరంలో మూడు తరాల వేళ్లు తగిలిన తంబూరకు బజారు ధర కట్టలేం. దానికి బదులు పెట్టెలో మోగే ఎలక్ట్రానిక్ శ్రుతి సులువుగా దొరుకుతోంది. సులువుగా దొరికేది కనుకనే విరిగిన తంబూరను ఎవరూ బాగుచేయించడం లేదు. శ్రుతి ఏ పెట్టెలోంచైనా వస్తుంది. తంబూర పట్టి పాడే మనిషి పోగొట్టుకునేది దండి చెంపకు ఆనినప్పుడు ఎముక దాకా పాకే ఆ నాదాన్ని.

ఎవరు చేయాలి

ఇంతవరకూ చూసిన పనుల్లో చాలావాటికి కావాల్సిన చేతులు మన దగ్గరే ఉన్నాయి. బాగేపల్లి, చింతామణిలో ఆచారులు తలుపులూ రథాలూ చేస్తున్నారు. పోగు ఎటు పోతుందో వారికి చెప్పనక్కర్లేదు. చీలిక కూర్చడం, చిత్రిక పట్టడం వారి రోజువారీ పని. వారికి తెలియనిది తీగవాద్యానికి సంబంధించిన నాలుగైదు నియమాలు మాత్రమే: తీగలు ముందు వదులు చేయడం, విరుపును ఆడించకపోవడం, స్కేలుతో తిన్నతనం చూడటం, విరుపును బట్టి జిగురు ఎంచడం, మేకు కొట్టకపోవడం. ఒక మనసున్న ఆచారికి ఇవి నేర్పడానికి ఏళ్లు పట్టవు.

అందుకు చోటు కూడా ఉంది. గురుపూర్ణిమకు కైవారంలో జరిగే గురుపూజా సంగీతోత్సవానికి ఈ ప్రాంతపు గాయకులూ, భజన బృందాలూ, వాద్యకారులూ వస్తారు. పాట రాత్రింబవళ్లు ఆగదు. ఆ రోజుల్లోనే ఒక పక్కన మరమ్మతు శిబిరం పెట్టవచ్చు. బొబ్బిలి నుంచో, మైసూరు నుంచో ఒక వీణల పనివాడినీ, బెంగళూరు నుంచి ఒక గిటారు మరమ్మతుదారునూ పిలిపించి, తాలూకాకు ఇద్దరేసి ఆచారులను వారి పక్కన కూర్చోబెడితే చాలు. భజన మందిరాలు అటక మీది తంబూరలను దించి తేవాలి. పిల్లలు విరిగిన గిటార్లు తేవాలి. విరిగిన వాద్యాలే వారికి పాఠాలు.

దండి విరిగితే వాద్యం పోయినట్టు కాదు. ఎక్కడ విరిగింది, ఎంత పొడవు విరిగింది, ఏం పోయింది, ముందు ఎవరు ఏం పూశారు అన్న నాలుగు ప్రశ్నలు అడగకుండా చేయి వేస్తే మాత్రం పోతుంది. ఆ ప్రశ్నలు అడగగల మనిషి ఒకడు బాగేపల్లిలో, ఒకడు చింతామణిలో ఉండాలి. అంతదాకా పాతపాళ్యలో వాద్యం విరిగినవారికి నా సలహా ఒక్కటే. తీగలు వదులు చేయండి, పేళ్లు పొట్లం కట్టండి, జిగురు ముట్టుకోకండి. మంచి చేయి దొరికేవరకూ ఆ విరుపు అలాగే ఆగుతుంది, ఎన్నేళ్లయినా.